పాత టోస్టర్, పాత ఇస్త్రీ పెట్టె: ‘వర్కింగ్ కండిషన్’ అంటే అసలు ఏమిటి?

క్లుప్తంగా

టోస్టర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్, హెయిర్ డ్రయర్, చిన్న గది హీటర్ లాంటివి పుట్టిందే వేడి కోసం. ఆ వేడే వాటిని లోపల్నుంచి తినేస్తూ వస్తుంది. అందుకే వీటిని సేకరించడం గడియారాలో కెమెరాలో సేకరించినట్టు ఉండదు. కాయిల్ ఎర్రబడినంత మాత్రాన వస్తువు బాగున్నట్టు కాదు. బాగు చేయబోతే అసలు భాగాలు పోతాయి, అసలు భాగాలు ఉంచాలంటే చాలాసార్లు ప్లగ్గు పెట్టకూడదు. ఈ ముడి ఎలా పడింది, వస్తువు వయసు ఎలా పట్టుకోవాలి, ప్రమాదం ఎక్కడ దాగి ఉంటుంది, వోల్టేజీ లెక్క ఏమిటి అన్నవి కింద ఉన్నాయి.

పాత కరెంటు వస్తువులు అమ్మేచోట ఎక్కువగా కనిపించే మాట ‘వర్కింగ్ కండిషన్’. కొనేవాళ్ళకు అది ‘రేపట్నుంచి వాడుకోవచ్చు’ అని వినిపిస్తుంది. అమ్మేవాళ్ళు చెప్పేది మాత్రం చాలా చిన్న సంగతి: ప్లగ్గు పెట్టారు, కాయిల్ ఎర్రబడింది, ఫ్యూజు పోలేదు. కాయిల్ ఎర్రబడడానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని తీగ ఉంటే చాలు. బాడీకి కరెంటు లీకవుతోందా, వైరు మీది రబ్బరు పెళుసెక్కిందా, లోపలి అట్టలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే రాతి పీచు) ఉందా, ఆ తీగ ఇంకో పదిసార్లైనా కాలుతుందా అన్న ప్రశ్నలకు ఆ ఎరుపులో జవాబు లేదు. సేకరణలో వచ్చే గొడవలన్నీ దాదాపు ఇక్కడే మొదలవుతాయి.

వేడి పుట్టించే వస్తువు ఎందుకు వేరు

పాత రేడియోలో వేడి అనవసరంగా పుట్టేది, వీలైనంత తగ్గించాలని చూస్తారు. పాత గడియారంలో అసలు వేడే ఉండదు. టోస్టర్‌లో వేడే పని. ఎర్రగా కాలే కాయిల్ 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర దగ్గరగా ఉంటుంది, దానికి నాలుగు వేళ్ళ దూరంలో స్క్రూలు, వైరు కొనలు, అభ్రకం రేకులు, స్విచ్ స్ప్రింగులు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. ఆన్ చేసిన ప్రతిసారీ ఇవన్నీ సాగుతాయి, ఆపిన ప్రతిసారీ ముడుచుకుంటాయి. ఒక్కో లోహం ఒక్కో కొలతలో సాగుతుంది కాబట్టి కొన్నేళ్ళకు స్క్రూలు వదులవుతాయి. వదులైన చోట కరెంటు దారి ఇరుకై అక్కడ అదనంగా వేడి పుడుతుంది, ఆ వేడికి జాయింటు ఇంకాస్త నల్లబడి మరింత వదులవుతుంది. పాత పరికరం విప్పినప్పుడు ఇత్తడి స్క్రూ చుట్టూ నీలం, నలుపు కలిసిన మచ్చ కనిపిస్తే ఈ కథ అక్కడ చాలాకాలంగా నడుస్తోందని అర్థం.

కాయిల్‌ది ఇంకో కథ. చాలా పరికరాల్లో ఉండేది నైక్రోమ్, అంటే నికెల్, క్రోమియం కలిపిన తీగ. మొదటిసారి కాలినప్పుడు దాని పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. కానీ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ పొర ఎక్కడో ఒకచోట పగులుతుంది, పగిలిన చోట లోపలి క్రోమియం ఖర్చయి కొత్త పొర వస్తుంది. అలా అరిగి అరిగి తీగ ఒకచోట సన్నబడుతుంది. సన్నబడిన చోట రెసిస్టెన్స్ ఎక్కువ, కాబట్టి వేడీ ఎక్కువే, అరుగుదలా ఎక్కువే. చీకటి గదిలో పాత హీటర్ ఆన్ చేసి చూస్తే కాయిల్ అంతా నారింజ రంగులో ఉండి ఒక్క చుట్టు మాత్రం పసుపుగా మెరుస్తుంటే, తీగ రేపో మాపో తెగేది అక్కడే. అది కనిపించినప్పుడు కాయిల్‌ను సర్దబోవడం పెద్ద పొరపాటు. ఏళ్ళ తరబడి కాలిన నైక్రోమ్ చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఉంటుంది, వేలితో వంచితే పుటుక్కున విరుగుతుంది. కొత్త తీగలా వంగుతుందనుకుని సాగిన కాయిల్‌ను లాగి బిగించి పాడుచేసుకునేవాళ్ళు చాలామంది.

ఒక తీగ తెచ్చిన మార్పు

విద్యుత్ ఇస్త్రీ పెట్టెకు అమెరికాలో హెన్రీ సీలీ 1882లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో పూర్తి విద్యుత్ వంటగదినే చూపించారు. అయినా ఈ వస్తువులు ఇళ్ళల్లోకి రావడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. కారణం తీగే. ఇనుప తీగ ఎర్రగా కాలితే పొరలు పొరలుగా తుప్పు రాలి తెగిపోతుంది. ప్లాటినం తెగదు గానీ దాని ఖరీదు ఏ ఇల్లూ భరించలేదు. కొందరు తీగ గొడవే వద్దనుకుని పొడవాటి కార్బన్ ఫిలమెంట్ బల్బులను రిఫ్లెక్టర్ ముందు నిలబెట్టి గది హీటర్లుగా అమ్మారు. వాటిలో ఫిలమెంట్ గాలి తగలని గాజులో ఉంటుంది కాబట్టి కాలిపోదు. నేడు అలాంటి హీటర్ అసలు బల్బులతో సహా దొరకడం అరుదు. స్టాండ్లు మిగిలాయి, బల్బులు పగిలిపోయాయి.

1906లో ఆల్బర్ట్ మార్ష్‌కు నికెల్-క్రోమియం మిశ్రమం మీద పేటెంట్ రావడంతో దారి తెరుచుకుంది. నైక్రోమ్ రెసిస్టెన్స్ రాగి కంటే సుమారు అరవై రెట్లు ఎక్కువ, కాబట్టి కొద్దిపాటి తీగతోనే కావలసిన వేడి వస్తుంది, పైగా గాలిలోనే కాలుతూ వేల సార్లు నిలుస్తుంది. 1909లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ డి-12 టోస్టర్ తెచ్చింది. పింగాణీ దిమ్మ, దాని మీద తీగల చట్రం, మధ్యలో ఎలిమెంట్, ఇంతే వస్తువు. టైమర్ లేదు, వేడి హద్దు చేరగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ లేదు. బ్రెడ్డు ఒకవైపు కాలాక చేత్తో తిప్పాలి, మాడకుండా దగ్గరుండి చూసుకోవాలి. 1912లో బ్రిటన్‌లో చార్లెస్ బెల్లింగ్ అగ్గిమట్టి పలకలకు నైక్రోమ్ చుట్టి గది హీటర్లు చేశాడు.

ఇక్కడో చిన్న హెచ్చరిక. విద్యుత్ టోస్టర్‌ను 1893లో అలన్ మెక్‌మాస్టర్స్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడని పాత సమాచారంలో చాలాచోట్ల ఉంటుంది. అది 2012లో సరదాకి వికీపీడియాలో రాసిన అబద్ధం. అలాంటి శాస్త్రవేత్త లేడు, ఆ ‘పాత’ ఫోటో కంప్యూటర్‌లో తయారైంది. 2022లో బయటపడే లోపు అది పుస్తకాల్లోకీ పత్రికల్లోకీ ఎక్కేసింది. వస్తువు చరిత్ర చెప్పే చీటీ మీద ఆ పేరు, ఆ కథ కనిపిస్తే మిగతా వివరాలనూ ఒకసారి అనుమానంగా చూడడమే మంచిది.

ప్లగ్గే లేని ఇళ్ళు, పగలు ఖాళీగా ఉన్న జనరేటర్లు

1900ల తొలినాళ్ళ పరికరాలను మొదటిసారి చూసేవాళ్ళకు అర్థం కానిది వైరు చివర ఉండే, బల్బు హోల్డర్‌లోకి తిప్పి బిగించే మర. ఎవరో తర్వాత అతికించారని దాన్ని కోసి పారేసినవాళ్ళూ ఉన్నారు. నిజానికి అదే అసలు ప్లగ్గు. అప్పటి ఇళ్ళల్లో కరెంటు వచ్చింది దీపాల కోసం, గోడకు సాకెట్లు లేవు. ఇస్త్రీ చేయాలంటే బల్బు విప్పి, ఆ హోల్డర్‌లో ఇస్త్రీ పెట్టె వైరు తిప్పి బిగించేవారు. అంటే పై నుంచి వేలాడే తీగ, సన్నని దీపపు వైరింగు, దాని మీద అయిదారు వందల వాట్ల లోడు. హార్వీ హబ్బెల్ 1904లో పేటెంట్ పొందిన ఏర్పాటులో మర భాగం హోల్డర్‌లోనే ఉండిపోతుంది, పిన్నుల భాగం మాత్రం ఊడివస్తుంది. ప్రతిసారీ వైరంతా మెలితిప్పే పని తప్పింది.

ఈ వస్తువులు వ్యాపించడంలో కరెంటు కంపెనీల లెక్క కూడా ఉంది. దీపాలు రాత్రే వెలుగుతాయి, పగలంతా జనరేటర్లు ఖాళీ. పగటిపూట కరెంటు తాగే వస్తువు ఇంటికొకటి ఉంటే కంపెనీకి లాభం, కాబట్టి చాలాచోట్ల వాళ్ళే ఇస్త్రీ పెట్టెలు అమ్మారు, అరువిచ్చారు. కాలిఫోర్నియాలోని అంటేరియోలో ఎర్ల్ రిచర్డ్‌సన్ తాను తయారుచేసిన చిన్న ఇస్త్రీ పెట్టెలను ఇళ్ళకిచ్చి, ఇస్త్రీ రోజైన మంగళవారం పగలంతా కరెంటు ఇచ్చేలా ప్లాంటును ఒప్పించాడు. పెట్టె మధ్యలో మరీ కాలుతోంది, మొన దగ్గర వేడి చాలట్లేదని వాడిన ఆడవాళ్ళు చెప్పారు. ఎలిమెంట్‌ను మొన వైపు కూడా పరిచి 1905లో చేసిన పెట్టె పేరే ‘హాట్‌పాయింట్’ అయింది. తొలినాటి పరికరాల్లో ఇస్త్రీ పెట్టెలే ఎక్కువగా దొరకడానికి ఒక కారణం ఈ అరువు పంపకం. ఇంకో కారణం మామూలుది: కిలోల బరువున్న ఇనుప ముద్ద అంత తేలిగ్గా పగలదు.

వయసు చెప్పేవి: పూత, నంబరు, చిరునామా

అమ్మేవాళ్ళు చెప్పే ‘వందేళ్ళ నాటిది’ని సరిచూడడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. ముందు మెరుపు చూడాలి. 1920ల రెండో సగం దాకా గృహ పరికరాలకు వేసింది నికెల్ పూత, ఆ తర్వాత క్రోమ్ వచ్చింది. తెల్ల కాగితం పక్కన పెట్టి పగటి వెలుగులో చూస్తే తేడా పట్టేయొచ్చు: నికెల్‌లో లేత పసుపు ఛాయ ఉంటుంది, గాలికి మసకబారుతుంది, రుద్దితే మళ్ళీ మెరుస్తుంది. క్రోమ్ నీలి ఛాయతో అద్దంలా చల్లగా ఉంటుంది, మసకబారదు గానీ చిన్న చిన్న చుక్కలుగా లేస్తుంది. 1910 నాటిదని చెప్పిన టోస్టర్ నీలంగా మెరుస్తుంటే ఎవరో మళ్ళీ పూత వేయించారు, లేదంటే తేదీ తప్పు.

తర్వాత అడుగున ఉన్న రేకు. అమెరికన్ వస్తువుల మీద పేటెంట్ నంబర్లు అచ్చేస్తారు, అవి వరుసగా పెరుగుతూ పోయాయి. పది లక్షల నంబరు 1911లో, ఇరవై లక్షలది 1935లో, ముప్పై లక్షలది 1961లో వచ్చాయి. కాబట్టి రేకు మీద ఇరవై లక్షలు దాటిన నంబరు ఉంటే వస్తువు 1935 కంటే పాతది కానే కాదు. కానీ అది కింది హద్దు మాత్రమే. పేటెంట్ వచ్చిన పదిహేనేళ్ళకు తయారైన వస్తువు మీదా అదే నంబరు ఉండొచ్చు, చాలామంది నంబరు సంవత్సరాన్నే తయారీ సంవత్సరంగా రాసేస్తుంటారు. తయారీదారు చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతిది. ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే 1949 నుంచి 1990 లోపుది. ‘ఆక్రమిత జపాన్’ అంటే 1952కు ముందుది. డీఆర్‌జీఎం అన్న అక్షరాలు జర్మన్ సామ్రాజ్య కాలం నుంచి వచ్చిన యుటిలిటీ మోడల్ (చిన్నపాటి పేటెంట్ లాంటిది) రిజిస్ట్రేషన్ గుర్తు, అది ఒక కంపెనీ పేరనుకోవడం మామూలుగా జరిగే తప్పు.

పిడి బేకలైటా కాదా అన్నది బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కొంత తెలుస్తుంది. వేడెక్కిన బేకలైట్ నుంచి ఫినాయిల్ లాంటి ఘాటు వాసన వస్తుంది. లియో బేక్‌లాండ్ దాన్ని 1907లో తయారుచేశాడు. అంతకు ముందు పిడులు ఎక్కువగా కర్రవే, ఆ తర్వాత కూడా చాలాకాలం కర్రవి ఉన్నాయి కాబట్టి కర్ర పిడి కనిపించగానే బాగా పాతదని తేల్చేయకూడదు.

పైన పటారం, లోన లొటారం

అద్దంలా మెరిసే టోస్టర్ అడుగు రేకు విప్పితే కనిపించేవి వేరు. ముందు ఆస్బెస్టాస్ సంగతి. వేడిని తట్టుకుని, కరెంటును ఆపి, చవగ్గా దొరికే పదార్థం కావడంతో ఇస్త్రీ పెట్టెల్లో ఎలిమెంట్ పైన మెత్తగా, హీటర్లలో వెనక అట్టగా, వైర్లలో నూలు అల్లిక కింద పొరగా దాన్ని వాడారు. హెయిర్ డ్రయర్లలోనైతే ఫ్యాను గాలి నేరుగా దాని మీదుగా వీచేది. ఆ సంగతి బయటపడ్డాక 1979లో అమెరికాలో తయారీదారులు వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది, యూరోపియన్ యూనియన్ అంతటా 2005లో నిషేధం వచ్చింది. పాత వస్తువుల అమ్మకాల మీద కూడా దీని నీడ పడుతోంది.

చూడ్డానికి తెల్లగా, బూడిద రంగులో, నలిగిన అట్టలా పీచు పీచుగా ఉన్నదంతా ఆస్బెస్టాస్ కాదు, కాదని కంటితో తేల్చడమూ కుదరదు. ల్యాబ్‌లోనే తేలాలి. కదపకుండా మూసి ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ, పీచు గాల్లోకి లేచినప్పుడే ముప్పు. సేకరించేవాళ్ళు చేసే అతి మామూలు పనులే, అంటే దుమ్ము ఊదడం, ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టడం, పాత వైరు చివర బ్లేడుతో చెక్కడం, సరిగ్గా ఆ పీచును లేపే పనులు. అనుమానం ఉన్న హెయిర్ డ్రయర్‌ను ‘ఒక్కసారి’ ఆన్ చేసి చూడడం కూడా అంతే.

వైరు సంగతి ఇంకొంచెం సూటిగా ఉంటుంది. నూలు అల్లిక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాని కింద రబ్బరు మాత్రం గాలికీ వేడికీ గట్టిపడి, వంచితే పెంకుల్లా రాలుతుంది. పరికరం లోపలికి వెళ్ళేచోట, ప్లగ్గు దగ్గర ముందు పోతుంది, ఎందుకంటే వంగేది అక్కడే. అల్లిక చెక్కుచెదరకుండా ఉండి లోపల రెండు తీగలు తగులుకునే స్థితిలో ఉండడం పాత వైర్లలో చాలా మామూలు.

స్విచ్ విషయం చాలామంది గమనించరు. పాత రెండు పిన్నుల ప్లగ్గును ఎటైనా తిప్పి పెట్టొచ్చు, స్విచ్ మాత్రం ఒక తీగనే తెంపుతుంది. ప్లగ్గు ఒకవైపు పెడితే స్విచ్ ఫేజులో పడుతుంది, బాగానే ఉంటుంది. తిప్పి పెడితే న్యూట్రల్‌లో పడుతుంది. అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉంది, కాయిల్ చల్లగా ఉంది, బ్రెడ్డు ముక్క ఇరుక్కుంటే ఫోర్కుతో తీద్దామనిపిస్తుంది, కానీ కాయిల్ మీద టెస్టర్ పెడితే నిక్షేపంగా వెలుగుతుంది. షాక్ కొట్టడానికి ఎలిమెంట్ వేడిగా ఉండనవసరం లేదు. ఎర్తింగ్ చేస్తే సరిపోతుందా అంటే ఇస్త్రీ పెట్టె, కెటిల్ విషయంలో మూడు తీగల వైరు వేసి బాడీని ఎర్త్ చేయడం కచ్చితంగా మేలు. కాయిల్ బయటికి కనిపించే టోస్టర్‌లో మాత్రం ఒక చేత్తో ఎర్త్ అయిన బాడీ పట్టుకుని ఇంకో చేతిలోని ఫోర్కు కాయిల్‌కు తగిలిస్తే కరెంటుకు మంచి దారి దొరికినట్టే. అక్కడ ఎర్తింగ్‌తో పాటు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంపే స్విచ్) ఉంటేనే ప్రయోజనం.

పాత కెటిల్స్‌కు ఇంకో ఇబ్బంది ఉంది, అతుకుల్లో సీసం కలిసిన సోల్డర్. కరెంటు పరంగా ఎంత బాగున్నా ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు.

వోల్టేజీ లెక్క తప్పితే

ఒక వోల్టేజీకి చేసిన వస్తువును ఇంకో వోల్టేజీ మీద నడపడం గురించి అపోహలు చాలా. మోటారు లేని, కేవలం కాయిల్ ఉన్న వస్తువుకు లెక్క తేలికే: వోల్టేజీని దానితోనే గుణించి రెసిస్టెన్స్‌తో భాగిస్తే వాట్లు. 120 వోల్టుల 600 వాట్ల టోస్టర్ కాయిల్ 24 ఓమ్‌లు. దాన్ని 240 వోల్టుల సాకెట్‌లో పెడితే రెట్టింపు వాట్లు కాదు, నాలుగింతలు: 10 ఆంపియర్లు లాగి 2,400 వాట్లు. కొన్ని క్షణాల్లో కాయిల్ తెల్లగా వెలిగి తెగుతుంది. తిరగేస్తే, 240 వోల్టుల వస్తువు 120 మీద నాలుగో వంతు వేడితో గోరువెచ్చగా ఉండిపోతుంది. ఏమీ పాడవదు గానీ ‘ఎలిమెంట్ వీక్ అయింది’ అని తప్పుగా తీర్పు పడుతుంది.

చిన్న తేడాలనూ తీసిపారేయకూడదు. 220 అని రాసిన పాత కాయిల్‌కు 240 అందితే దాదాపు 19 శాతం ఎక్కువ వేడి. కొత్తప్పుడు అది తట్టుకునేదేమో, సన్నబడ్డ తీగకు అది ఆఖరి దెబ్బ కావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ వాడితే వస్తువు వాట్ల కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది కావాలి.

‘ఏసీ మాత్రమే’ అని రేకు మీద రాసిన హెచ్చరికకు కూడా ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు చాలా ఊళ్ళలో డీసీ సరఫరా ఉండేది. ఉత్త కాయిల్‌కు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే. థర్మోస్టాట్ వచ్చాకే తేడా వచ్చింది. దాని కాంటాక్టులు విడిపోయేటప్పుడు మధ్యలో నిప్పురవ్వ లేస్తుంది. 50 సైకిళ్ళ ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు పడుతుంది కాబట్టి రవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ నిలిచి కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇస్త్రీ పెట్టె ఇక ఆగదు.

మీటరుతో చూసే క్రమం

ప్లగ్గు పెట్టే ముందు చేయాల్సినవి ఎక్కువేమీ లేవు, కానీ వరుస మారకూడదు. మొదట మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడాలి. బల్బు ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు చాలా తక్కువ రెసిస్టెన్స్ చూపిస్తుంది, నైక్రోమ్ అలా కాదు, వేడెక్కినా కొద్ది శాతమే మారుతుంది. కాబట్టి రేకు మీది వోల్టులు, వాట్లతో లెక్కగట్టిన అంకెకు మీటరు అంకె దగ్గరగా ఉండాలి. బాగా తక్కువగా ఉంటే ఎవరో తెగిన కాయిల్‌ను మెలిపెట్టి పొట్టి చేశారు, లేదా వేరేది వేశారు.

రెండోది పిన్నుకూ బాడీకీ మధ్య. దీనికి మామూలు మీటరు చాలదు, 500 వోల్టులు పెట్టి చూసే మెగ్గర్ కావాలి. ఒక మెగాఓమ్‌కు తగ్గకూడదు అన్నది మామూలు కొలత. ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది. లోహపు గొట్టంలో తీగ పెట్టి చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరిన ఎలిమెంట్లు 1920ల నుంచి వచ్చాయి, ఆ పొడికి తేమ పీల్చే గుణం ఉంది. ఇరవై ఏళ్ళు అటక మీద ఉన్న కెటిల్ మెగ్గర్‌కు ఘోరంగా ఫెయిలవుతుంది, సాకెట్‌లో పెడితే ఆర్‌సీసీబీ టక్కున పడిపోతుంది, ఎలిమెంట్ కాలిపోయిందని పక్కన పడేస్తారు. నిజానికి చాలాసార్లు అది తడి మాత్రమే. మితమైన వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టి మళ్ళీ కొలిస్తే అంకె మెల్లగా పైకి ఎక్కుతుంది. ఎక్కకపోతే అప్పుడు పోయినట్టు.

మూడోది ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సిరీస్ బోర్డు. పాతకాలపు ఫిలమెంట్ బల్బును వస్తువుతో సిరీస్‌లో పెడితే లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, అంతకు మించి ఏమీ కాలదు. షార్ట్ లేకున్నా వెలుగుతుందన్నది మర్చిపోకూడదు. 100 వాట్ల బల్బు ముందు పెద్ద హీటర్ కాయిల్ అడ్డు చాలా చిన్నది, రెండు సందర్భాల్లో వెలుగు దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఓమ్‌ల లెక్క ముందు చేయాలి.

లోపలి జాయింట్లకు సోల్డర్ పనికిరాదు. సీసం కలిసిన మామూలు సోల్డర్ 190 డిగ్రీల లోపే కరుగుతుంది. అసలు తయారీలో ఉన్నట్టే నట్టు, బోల్టు, వాషరు మధ్య తీగ బిగించాలి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలకు చేసింది, లోపల వేస్తే కారిపోతుంది, సిలికాన్ వైరు కావాలి. కొన్ని పాత హీటర్లలో ఉత్త తీగ మీద పింగాణీ పూసలు గుచ్చి ఉంటాయి. అవి అరిగేవి కావు, పగిలినవి తప్ప మార్చనవసరం లేదు.

తెలివి పెరిగిన కొద్దీ బాగుచేయడం కష్టం

సాదా డి-12 లాంటి వస్తువుకు పాడయ్యే భాగమే ఒకటి. ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాక ఆ సౌకర్యం పోయింది. చార్లెస్ స్ట్రైట్ బ్రెడ్డును పైకి నెట్టే టోస్టర్‌కు 1921లో పేటెంట్ పొందాడు, 1926లో టోస్ట్‌మాస్టర్ పేరుతో ఇళ్ళ కోసం అది వచ్చింది, స్ప్రింగులు, గడియారపు చక్రాలు వచ్చాయి. కెటిల్స్‌లో ముందు నీళ్ళు అయిపోతే ప్లగ్గును బయటికి నెట్టే ఏర్పాటు వచ్చింది, తర్వాత 1955లో రస్సెల్ హాబ్స్ కె1. అందులో ఆవిరి వెనక రంధ్రం గుండా వెళ్ళి రెండు లోహాల పట్టీకి తగులుతుంది, పట్టీ వంగి స్విచ్ కొడుతుంది. 1960 నాటి కె2 దశాబ్దాలపాటు నడిచింది, అందుకే ఎక్కువ దొరుకుతుంది, విడిభాగాల కోసం ఇంకో పాత కెటిల్‌ను విప్పే వీలుంది.

అన్నిటికంటే ఆశ్చర్యం 1949 నాటి సన్‌బీమ్ టి-20. బ్రెడ్డు వేస్తే దాని బరువుకే స్విచ్ పడుతుంది. దించడానికి మోటారు లేదు, చేత్తో నొక్కే మీట లేదు. వేడెక్కి సాగే ఎలిమెంట్ తీగే ఆ పని చేస్తుంది: తీగ సాగేది వెంట్రుకవాసి, లివర్ల వరుస దాన్ని ఎన్నో రెట్లు పెంచి బ్రెడ్డును మెల్లగా కిందికి దించుతుంది. బ్రెడ్డు ఉపరితలం వేడిని ఒక పట్టీ గమనించి కరెంటు ఆపుతుంది, తీగ చల్లారి ముడుచుకుంటే బ్రెడ్డు చప్పుడు లేకుండా పైకి వస్తుంది. సేకరించేవాళ్ళ దగ్గర దీనికి ఉన్న మోజు ఇందుకే. చిక్కు కూడా ఇందులోనే ఉంది: కాయిల్ తెగితే వేరే నైక్రోమ్ చుట్టి సరిపెట్టలేరు, ఎందుకంటే అక్కడ తీగ వేడి ఇచ్చేదే కాదు, యంత్రాన్ని నడిపేది కూడా. దీనిలో వచ్చే మొరాయింపు చాలాసార్లు అడుగున ఉన్న చిన్న స్క్రూ సర్దుబాటుతో పోతుంది. బ్రెడ్డు దిగకపోయినా, పైకి రాకపోయినా తీగ తెగిందనుకోకుండా ముందు అది చూడాలి.

ఒరిజినల్ అంటే ఎంతవరకు

సేకరణలో పెద్ద వాదన ఇదే. 1909లో పీటర్ బెహ్రెన్స్ ఏఈజీ కంపెనీ కోసం చేసిన కెటిల్‌ను తీసుకుంటే, కొన్ని ఆకారాలు, కొన్ని పూతలు, కొన్ని పిడులు కలిపి ఎన్నో రకాలు వచ్చేలా ముందే ఆలోచించి చేశాడు. అలాంటిదానికి పిడి మార్చినా, పూత మార్చినా అది వేరే మోడల్ అయి కూర్చుంటుంది. నికెల్ పూతను పాలిష్‌తో మరీ రుద్దితే కింద ఇత్తడి తేలుతుంది, మళ్ళీ క్రోమ్ వేయిస్తే కొత్తగా మెరుస్తుంది గానీ వయసు చెప్పే గుర్తు పోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఇంకోవైపు, పాత రబ్బరు వైరును ‘ఒరిజినల్’ అని ఉంచి అప్పుడప్పుడూ వాడడం అంతకంటే తెలివితక్కువ పని.

మధ్యే మార్గం అన్నిటికీ ఒకేలా ఉండదు. ఇస్త్రీ పెట్టె, కెటిల్, హీటర్లలో చాలావాటికి వైరు విడిగా ఊడివచ్చే రకం, కాబట్టి వస్తువు జోలికి పోకుండా కొత్త వైరు వాడొచ్చు. వైరు లోపలికి కలిసిపోయిన టోస్టర్లలో ఆ వీలు లేదు, ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆస్బెస్టాస్ అనుమానం ఉన్నవి, పసుపు మచ్చ పడిన కాయిల్ ఉన్నవి, ఇక దొరకని బల్బు హీటర్లు చూడ్డానికే ఉంచడం మేలు. నడపాలనుకుంటే బోలెడన్ని తయారైన 1950ల వస్తువులున్నాయి.

మార్చిన భాగం మళ్ళీ వెనక్కి పెట్టే వీలుండేలా మార్చడం, అంటే కొత్త రంధ్రాలు వేయకుండా, పాత స్క్రూలే వాడుతూ మార్చడం, చాలా గొడవలను తప్పిస్తుంది. ఊడదీసిన వైరు, ప్లగ్గు పారేయకుండా కవరులో కట్టి వస్తువుతోనే ఉంచాలి. ఆస్బెస్టాస్ అనుమానం ఉన్న వైరైతే కవరు గట్టిగా మూసి, పైన ఆ మాట రాయాలి. ఇంకో చీటీ మీద కొలిచిన ఓమ్‌లు, మెగ్గర్ అంకె, తేదీ, ఏ వోల్టేజీకి చేసిందో రాసి అడుగు రేకుకు కడితే, అది చేతులు మారినప్పుడు తర్వాతివాళ్ళు ప్లగ్గు పెట్టి చూడాల్సిన పనిలేదు.